మాయాబజార్ పెట్టె మన చేతికొచ్చింది



మాయాబజార్ సినిమా తెలియని వాళ్ళు మనలో తక్కువ. కె.వి. రెడ్డి గారు తీసిన సినిమా అది. 1957లో వచ్చింది. అందులో శశిరేఖకు ఒక పెట్టె కానుకగా వస్తుంది. దాని పేరు ప్రియదర్శిని. మూత తీసి చూస్తే, చూసేవాళ్ళకు ఏది ప్రియమో అది అందులో కనబడుతుంది. శశిరేఖ మూత తీసింది. ఎక్కడో దూరాన ఉన్న అభిమన్యుడు కనబడినాడు. ఇద్దరూ పాట కూడా పాడుకున్నారు.

ఆ కాలంలో టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారు? "సినిమా కాబట్టి సరిపోయింది. నిజంగా యాడన్నా జరుగుతుందా?" అనుకుని ఉంటారు.

ఇప్పుడు ఆ పెట్టె మన చేతి సంచిలో ఉంది. దాని పేరు ఫోన్.

ప్రియదర్శిని ఒక్కటే కాదు. నాటకాల్లో ఆకాశవాణి ముందే హెచ్చరించేది. కథల్లో గుహ తలుపు ఒక మాట చెప్తే తెరుచుకునేది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తేవాడు. ఇవన్నీ ఇప్పుడు ఏదో ఒక రూపంలో మన ముందుకు వచ్చినాయి. అవి ఎట్ల పనిచేస్తాయి? వాటితో మేలు ఏంది? కీడు ఏంది? ఈ పాఠంలో చదువుదాం.

1. పెట్టెలో మనిషి ఎట్ల కనబడతాడు?

మన తిరుపతి, చిత్తూరు పల్లెల నుంచి చాలామంది ఆడవాళ్ళు కువైట్‌కు పనికి పోయినారు. ముప్పై ఏండ్ల కింద వాళ్ళ క్షేమం తెలియాలంటే జాబు రావాల. జాబు వచ్చేదానికి ఎన్నో రోజులు పట్టేది. వచ్చినాక చదివే వాళ్ళ కోసం వెతకాల. చదువు రాని తల్లి తన బిడ్డ కష్టాన్ని పరాయి మనిషి నోట వినాల.

ఇప్పుడు బిడ్డ మొకం చూసి మాట్లాడుతున్నాం. ఇది మాయ కాదు. మంత్రం కాదు. ఎట్ల జరుగుతుందో చూడండి.

మనం ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం. చుక్కల లెక్క తెలిస్తే చాలు. తిరుపతిలో వేసిన ముగ్గునే కువైట్‌లో కూడా వేయవచ్చు. ఫోన్ చేసే పని కూడా ఇదే. ఫోన్‌లో చిన్న కన్ను ఉంటుంది. అదే కెమెరా. అది మొకాన్ని లక్షల చుక్కలుగా చూస్తుంది. ఒక్కొక్క చుక్క రంగును అంకెలుగా మారుస్తుంది. మన మాటను కూడా అంకెలుగానే మారుస్తుంది.

ఆ అంకెలు రేడియో అలల మీద దగ్గరలోని టవర్‌కు పోతాయి. టవర్ నుంచి ఎక్కువగా తీగల్లో పోతాయి. సముద్రం దాటేది ఎట్ల? ఉపగ్రహం మీదుగా పోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. దాదాపు అంతా సముద్రం అడుగున వేసిన తీగల్లోనే పోతుంది. ఆ తీగల లోపల వెంట్రుక మాదిరి సన్నటి గాజు పోగులు ఉంటాయి. అంకెలు వెలుగుగా మారి ఆ గాజులో పరుగెత్తుతాయి. సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతాయి. కువైట్ మనకు 3 వేల కిలోమీటర్లకు పైన ఉంది. అయినా బిడ్డ అక్కడ నవ్వితే రెప్పపాటులో ఇక్కడ కనబడేది అందుకే. మన దేశంలో ఈ సముద్రపు తీగలు గట్టు చేరే చోట్లలో ముంబయి, చెన్నై ముఖ్యమైనవి.

ఇక్కడికి వచ్చిన అంకెలను మన ఫోన్ లెక్క చూసుకుంటుంది. అదే వరుసలో మళ్ళీ చుక్కలు పెడుతుంది. మొకం కనబడుతుంది.

మరి ఉపగ్రహాలు ఎందుకు? టీవీ బొమ్మకు, వాన కబురుకు, దారి చూపేదానికి అవి కావాల. ఇది కూడా మొదట ఊహే. 1945లో ఆర్థర్ క్లార్క్ అనే రచయిత ఒక వ్యాసం రాసినాడు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో యంత్రాలు నిలిపితే ప్రపంచమంతా కబుర్లు పంపవచ్చు అన్నాడు. అప్పటికి ఆకాశంలో మనిషి పంపిన ఉపగ్రహం ఒక్కటి కూడా లేదు. సరిగ్గా ముప్పై ఏండ్లకు, 1975లో, మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి టీవీ బొమ్మ వచ్చింది. అందులో కర్నూలు, మెదక్ వంటి జిల్లాల పల్లెలు కూడా ఉన్నాయి. అప్పటి ఉపగ్రహం అమెరికా వాళ్ళది. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే మన ఉపగ్రహాలు ఎగురుతున్నాయి.

ఊహించినవాడు ఒకడు. తయారుచేసినవాళ్ళు వేలమంది. వాడుకునేది మనం.

2. ఆకాశవాణి చెప్పే కబురు

ఆకాశాన్ని చదివే యంత్రం ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే వైపు గాదంకి అనే ఊరు ఉంది. అక్కడ దాదాపు నాలుగు ఎకరాల్లో 1,024 యాంటెనాలు తోట మాదిరి నిలబడి ఉంటాయి. దాన్ని రాడార్ అంటారు. అది ఆకాశంలోకి రేడియో అలలు పంపుతుంది. కొన్ని అలలు గాలిని తాకి తిరిగి వస్తాయి. వాటిని బట్టి చాలా ఎత్తులో గాలి ఎట్ల వీస్తా ఉందో శాస్త్రవేత్తలు తెలుసుకుంటారు. ఆ యంత్రం పరిశోధన కోసం పెట్టింది.

పిడుగు కబురు మాత్రం వేరే యంత్రాలు చెప్తాయి. పాత రేడియో గుర్తుందా? మెరుపు మెరిసినప్పుడు అది గరగరమనేది. ఎందుకు? మెరుపు నుంచి కూడా రేడియో అలలు వస్తాయి. ఆ గరగరను పట్టే యంత్రాలను దేశంలో చాలా చోట్ల పెట్టినారు. ఒకే మెరుపు అల ఏ చోటుకు ఎప్పుడు చేరిందో లెక్క కడతారు. మెరుపు యాడ పడిందో తెలిసిపోతుంది. దామిని అనే యాప్ ఇట్లనే పనిచేస్తుంది. పూణెలోని వాతావరణ శాస్త్ర సంస్థ దాన్ని తయారుచేసింది. మనకు దగ్గరలో పిడుగులు పడుతుంటే అది చూపిస్తుంది.

చెనిక్కాయ చేనులో కలుపు తీసేటప్పుడు ఉరుము వినబడితే ఏం చేయాల? పిడుగు మనకు అందే దూరంలోనే ఉందని అర్థం. చెట్టు కిందికి పోవద్దు. కరెంటు స్తంభం దగ్గర నిలబడవద్దు. గట్టి ఇంట్లోకి పోవాల.

2021 నవంబర్‌లో తిరుపతిలో కురిసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించినారు. ఇట్లాంటప్పుడు కబురు ముందుగా అందితే ప్రాణాలు నిలబడతాయి. ఇప్పుడు అట్లాంటి హెచ్చరికలు ఫోన్‌కు కూడా వస్తున్నాయి. కానీ వచ్చిన మెసేజ్‌ను చదివే మనిషి ఇంట్లో ఉండాల. మొగవాళ్ళు ఊరికి పోయినప్పుడు ఆ మనిషి మీరే.

3. వేలిముద్ర మళ్ళీ వచ్చింది

ఒకప్పుడు వేలిముద్ర అంటే నామోషీ. బ్యాంకులో నల్ల సిరా అంటించుకుని వేలు నొక్కితే, చూసేవాళ్ళు "చదువు రాదు" అనుకునేవాళ్ళు. మనం కష్టపడి సంతకం నేర్చుకున్నది అందుకే కదా?

ఇప్పుడు చూడండి. రేషన్ అంగట్లో వేలు పెట్టాల. పింఛనుకు వేలు పెట్టాల. కొత్త సిమ్ కొనాలన్నా చాలా చోట్ల వేలు పెట్టమంటారు. చదువుకున్న ఆఫీసర్ కూడా వేలే పెడతాడు.

ఎందుకంటే ఒకరి వేలి గీతలు ఇంకొకరికి ఉండవు. కవల పిల్లలకు కూడా ఒకే మాదిరి ఉండవు. ఈ సంగతిని పనికి పెట్టిన చరిత్రలో మన దేశానికి పెద్ద చోటు ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టినారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు అక్కడ పనిచేసినారు. వేల ముద్రల్లో కావలసిన ముద్రను త్వరగా వెతికే పద్ధతి తయారుకావడానికి వాళ్ళ కృషి ఉంది.

ఆ పని ఇప్పుడు యంత్రం చేస్తుంది. వేలి గీతలు యాడ ఆగినాయి, యాడ రెండుగా చీలినాయి అని చూస్తుంది. ఆధార్ తీసుకున్నప్పుడు మనం ఇచ్చిన ముద్రతో పోల్చి చూస్తుంది. ఆధార్ 2010లో మొదలైంది. అందులో పది వేళ్ళ ముద్రలు, రెండు కనుపాపలు, మొకం ఫోటో ఉంటాయి. ఇప్పుడు మొకం చూసి గుర్తుపట్టే యంత్రాలు కూడా వచ్చినాయి. తిరుమలలో వాటిని 2023లో వాడటం మొదలుపెట్టినారు.

చింతపండు కొట్టి, బట్టలు ఉతికి, ఇటుకలు మోసి కొందరి వేలి గీతలు అరిగిపోతాయి. యంత్రం "కాదు" అంటుంది. అది మన తప్పు కాదు. చేయి కడిగి, తుడిచి, ఇంకో వేలు పెట్టి చూడండి. కనుపాపతో చూసే యంత్రం ఉందా అని అడగండి. ఆధార్ కేంద్రంలో ముద్రలు మళ్ళీ తీయించుకోవచ్చు. "ముద్ర పడలేదు, పో" అంటే తల వంచుకుని రావద్దు. "వేరే దారి ఏముంది?" అని అడగండి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. యంత్రం చెప్పేది ఒక్కటే. ఈ వేలు ఫలానా మనిషిది అని. ఆ మనిషి దేనికి ఒప్పుకుందో యంత్రానికి తెలియదు. మీరు 500 అడిగినారు. అవతలి వాళ్ళు 5,000 అని కొట్టినారు. మీరు వేలు పెట్టినారు. యంత్రం 5,000 తీస్తుంది. వేలు మీదే కాబట్టి దానికి తప్పు కనబడదు.

సంతకం పెట్టే ముందు చదవాల అని నేర్చుకున్నాం. వేలు పెట్టే ముందు కూడా చదవాల.

సున్నాలు లెక్కపెట్టండి:

500 – ఐదు వందలు. రెండు సున్నాలు.
5,000 – ఐదు వేలు. మూడు సున్నాలు.
50,000 – యాభై వేలు. నాలుగు సున్నాలు.

ఒక్క సున్నా తేడా అంటే సంఘంలో ఎన్నో నెలల పొదుపు.

డబ్బు తీసినాక చీటీ అడిగి తీసుకోండి. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చాలాసార్లు అది ఇంగ్లీషులో ఉంటుంది. రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. క్రెడిట్ అంటే జమ అయింది. డెబిట్ అంటే తీసినారు.

ఇంకో జాగ్రత్త. రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రలకు నకలు చేసి, బ్యాంకు ఖాతాల్లో డబ్బు తీసిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అందుకే ఆధార్‌లో మన ముద్రలకు తాళం వేసుకునే వీలు పెట్టినారు. తాళం వేసినాక ఎవరు ఏ ముద్ర పెట్టినా పనిచేయదు. రేషన్‌కు పోయేటప్పుడు మనమే తీసుకోవాల. ఎట్ల చేయాలో 1947 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఆ నంబరు. మరిచిపోయే పని లేదు.

4. మాయా శశిరేఖ ఫోన్ చేస్తే?

మాయాబజార్‌లో పెళ్ళికూతురు శశిరేఖ మాదిరే ఉంటుంది. ఆమె మొకమే. ఆమె గొంతే. కానీ లోపల ఉండేది ఘటోత్కచుడు. పెళ్ళిపీటల మీద ఆమె లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే గానీ అతనికి తెలిసి రాలేదు. సావిత్రి గారు ఆ రెండు వేషాలూ వేసినారు.

ఇప్పుడు యంత్రాలు కూడా ఈ వేషం వేస్తున్నాయి. ఏఐ అనే మాట మీరు టీవీలో వినే ఉంటారు. యంత్రానికి వేల గొంతులు వినిపించి, వేల బొమ్మలు చూపించి నేర్పిస్తారు. ఆ తర్వాత ఒక మనిషి గొంతు కొంచెం వినిపిస్తే చాలు. ఆ గొంతుతో కొత్త మాటలు పలుకుతుంది. దీనితో మంచి పనులు చేయవచ్చు. గొంతు పోయిన రోగికి మాట ఇవ్వవచ్చు. దొంగలు కూడా వాడుకుంటున్నారు.

ఫోన్ వస్తుంది. "అమ్మా! నేనే. ప్రమాదంలో ఇరుక్కున్నా. బిరీన డబ్బు పంపు" అని కొడుకు గొంతు ఏడుస్తుంది. లేదా పోలీసు బట్టల్లో ఒకడు వీడియోలో కనబడతాడు. "మీ మీద కేసు ఉంది. ఫోన్ పెట్టేయవద్దు. ఎవరికీ చెప్పవద్దు. డబ్బు కట్టు" అంటాడు. దీనికి డిజిటల్ అరెస్ట్ అని పేరు పెట్టినారు. మన చట్టంలో అట్లాంటి అరెస్ట్ లేనే లేదు.

అప్పుడు ఏం చేయాల?

భయపడవద్దు. ఫోన్ పెట్టేయండి. కొడుకు పాత నంబరుకు మీరే ఫోన్ చేయండి. లేదా ఇంటివాళ్ళకే తెలిసిన ప్రశ్న అడగండి. "మన ఎర్రావు పేరేంది?" అని అడగండి. నిజమైన కొడుకు చెప్తాడు. మాయా కొడుకు తడబడతాడు.

ఇంకొక మాట. డబ్బు మన ఖాతాలోకి వచ్చేదానికి పిన్ కొట్టే పని లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతా ఉందని అర్థం. ఫోన్‌కు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పవద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపేదానికి అంత వీలు ఉంటుంది. సిగ్గుపడి దాచుకోవద్దు. చదువుకున్న వాళ్ళు కూడా మోసపోతున్నారు.

5. ఫోనే చదివితే మనకు అక్షరాలు ఎందుకు?

రాత్రి బడిలో ఒక అవ్వ అడిగింది.

"ఏం పాపా! ఇప్పుడు ఫోనే చదివి చెప్తా ఉండాది. నోటితో చెప్తే అదే రాస్తా ఉండాది. ఇంక ఈ వయసులో మాకెందుకు ఈ అక్షరాల బాధ?"

మంచి ప్రశ్న. అవ్వ చెప్పింది నిజమే. ఫోన్ తెలుగు వింటుంది. తెలుగు చదువుతుంది. ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో చెప్పే పని కోసం 2022లో ప్రభుత్వం భాషిణి అనే ఏర్పాటు మొదలుపెట్టింది. కళ్ళు కనబడని వాళ్ళకు ఇది పెద్ద ఆసరా. మరి అవ్వకు ఏం చెప్పాల? నేను చెప్పేలోపే పక్కన ఉన్నవాళ్ళు అందుకున్నారు.

ఒక అక్క అనింది: "చార్జింగ్ అయిపోతే బస్సు బోర్డు ఎవురు చదువుతారవ్వా?"

ఇంకో అక్క అనింది: "అది తప్పు చదివితే? తప్పని నీకు ఎట్ల తెలుస్తాది? మన మాట దానికి ఒకోసారి అర్థమే కాదు."

మూలన కూర్చున్న చెల్లెలు ఒకామె ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ రోజు మెల్లగా అనింది: "మా ఆయన కువైట్ నుంచి మెసేజ్ పెడతాడు. ఫోన్ చదివితే ఇల్లంతా వింటాది. నేను చదువుకుంటే నాకొక్కదానికే."

అందరూ నవ్వినారు. అవ్వ కూడా నవ్వింది. "అట్లయితే నా పింఛను లెక్క నేనే చదువుకుంటా. మే పాపా, ముందు ఆ సున్నాలు చెప్పు" అనింది.

ఆ చెల్లెలు చెప్పిన మాటలో చాలా ఉంది. ఒకప్పుడు జాబు చదివించుకునేదానికి పరాయి మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. మనకు చదువు రాకపోతే యంత్రం కూడా పరాయి మనిషే. అది చెప్పిందే నమ్మాల. చదువు వస్తే అది మన పనిమనిషి. చెప్పిన పని చేస్తుంది. తప్పు చేస్తే మనం పట్టుకుంటాం.

రేపు ఇంకా కొత్త యంత్రాలు వస్తాయి. ఇప్పటికే మందు కొట్టే డ్రోన్లను మహిళా సంఘాలకు ఇచ్చే పథకం 2023లో వచ్చింది. వాటిని నడిపేది నేర్చుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. రేపు వచ్చే యంత్రం ఏదైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏం చేస్తుంది? నా నుంచి ఏం తీసుకుంటుంది? దీని మీద ఏం రాసి ఉంది?

ప్రియదర్శిని పెట్టెను శశిరేఖకు ఎవరో ఇచ్చినారు. అక్షరం మాత్రం మీరు కష్టపడి తెచ్చుకున్నది.

చర్చించండి

1. మీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? మీ పేరు మీద వచ్చే మెసేజ్‌లు ఎవరు చదువుతున్నారు?
2. వేలిముద్ర పడక రేషన్, పింఛను ఆగిన వాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా? వాళ్ళకు సంఘం ఎట్ల తోడు నిలవవచ్చు?
3. ఫోన్ వచ్చినాక మీకు కలిగిన మేలు ఏంది? కీడు ఏంది?

చేయండి

1. 1930, 1947 – ఈ రెండు నంబర్లను పెద్ద అంకెలతో రాసి గోడకు అంటించండి. ఒకటి మోసపోతే. రెండోది ఆధార్‌కు.
2. మీ ఇంటివాళ్ళకే తెలిసిన ఒక గుర్తు ప్రశ్న పెట్టుకోండి. దూరాన ఉన్న బిడ్డలకు కూడా చెప్పండి.
3. మీ ఫోన్‌కు వచ్చిన బ్యాంకు మెసేజ్ ఒకటి తీయండి. అందులో అంకెలు చదవండి. సున్నాలు లెక్కపెట్టండి. జమ అయిందో, తీసినారో పక్కనున్న అక్కకు చెప్పండి.